కొండల్లో గ్లైడర్లు, గాల్లో గుద్దుకునే ప్రమాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఒక క్లబ్బులో గ్లైడర్ నేర్చుకున్నాను, ప్రతి ఎండాకాలం క్లబ్బు వాళ్ళతో కలిసి ఫ్రాన్స్ దక్షిణం వైపున్న ఆల్ప్స్ కొండలకి రెండు వారాలు వెళ్తాం. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ అడిగే ప్రశ్నలు కొన్ని, ఇక్కడ చదువుకోడానికి వచ్చి కొత్తగా క్లబ్బుల్లో చేరుతున్న మన పిల్లలు అడిగేవి కొన్ని, అన్నీ కలిపి ఒకచోట రాస్తున్నాను. గాల్లో రెండు గ్లైడర్లు గుద్దుకోవడం గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే కొండల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసేది అదే.

ఇంజిన్ లేకుండా అది పైన ఎలా ఉంటుంది?

మిట్టమధ్యాహ్నం మన ఊళ్ళో గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటాయి కదా, అచ్చం అంతే. నేల వేడెక్కినచోట గాలి పైకి లేస్తుంది, దాన్ని థర్మల్ అంటారు. కొండకి గాలి తగిలి పైకి మళ్ళితే అది రిడ్జ్ లిఫ్ట్. రిడ్జ్ అంటే కొండ వరస, లిఫ్ట్ అంటే ఆ లేచే గాలే. ఆ లేచే గాలిలో ఉన్నంతసేపు గ్లైడర్ ఎక్కుతుంది, బయటికొస్తే మెల్లగా దిగుతుంది. మిగతాదంతా ఆ గాలి ఎక్కడుందో వెతుక్కోవడమే.

ఆకాశం అంత పెద్దది, అందులో రెండు గ్లైడర్లు గుద్దుకోవడమేంటి?

అందరూ ముందు అడిగేది ఇదే. ఆకాశం పెద్దదే గానీ మనకి పనికొచ్చే గాలి చాలా సన్నం. మూడు కిలోమీటర్ల పొడవున్న కొండ వాలు తీసుకుంటే లిఫ్ట్ దొరికేది వాలుని ఆనుకుని ఉన్న ఒక పట్టీలోనే, దాని బయట గాలి ఊరికే ఉంటుంది లేదా కిందికి దిగుతుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, మీకు తెలుసు, ఆ రోజు ఎగిరిన ప్రతి ఒక్కడికీ తెలుసు, కాబట్టి అందరూ ఆ పట్టీలోనే, దాదాపు ఒకే ఎత్తులో, కొందరు అటు కొందరు ఇటు పోతుంటారు. మైదానంలో అయితే థర్మల్ ఎక్కడైనా దొరకొచ్చు, జనం చెదిరిపోతారు. కొండల్లో దారి కొండే గీసిపెడుతుంది.

ఫ్రాన్స్‌లో సెంట్ ఓబాన్, సిస్టెరాన్ దగ్గర నుంచి ఉత్తరంగా బ్రియాన్సాన్ వైపు పోయే దారి ఒకటుంది. త్రువా ఎవెషే, దోర్మియూజ్, మోర్గాన్, ఇలా ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి అందరూ వెళ్ళేది అదే. వెళ్ళేవాళ్ళదీ తిరిగొచ్చేవాళ్ళదీ అదే వాలు. తిరుమలకి ఎక్కే రోడ్డు వేరు దిగే రోడ్డు వేరు కదా, ఇక్కడ ఆ ఏర్పాటేం లేదు, ఒకటే రోడ్డు, మధ్యలో గీత కూడా ఉండదు.

పైగా టైము కూడా కలిసిపోతుంది. పొద్దున ఎండ తూర్పు వాలు మీద పడుతుంది కాబట్టి అందరూ అక్కడ, మధ్యాహ్నం దక్షిణం వాలు, సాయంత్రం పడమటి వాలు. సూర్యుడే అందర్నీ ఒకే కొండ మీదకి తోలుతున్నట్టు ఉంటుంది. సాయంత్రం పూట ఇంకో ఇబ్బంది, వాలు మీద లిఫ్ట్ బాగుంటుంది గానీ ఎండ సరిగ్గా కళ్ళలో పడుతుంది, అటు నుంచి వచ్చేవాడు ఆ వెలుగులో అసలు కనపడడు.

ఎదురుగా వస్తే కనపడదా? రెక్కలు పదిహేను మీటర్లు ఉంటాయంటారుగా?

నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. ఒకసారి కాగితం మీద లెక్క వేసుకున్నాక ఆ నమ్మకం పోయింది.

రిడ్జ్ మీద ఇద్దరూ గంటకి 120 కిలోమీటర్ల స్పీడులో ఎదురెదురుగా వస్తున్నారనుకోండి, మధ్య దూరం సెకనుకి 67 మీటర్లు తగ్గిపోతుంటుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ళు పైలట్లకిచ్చే సూచనల్లో ఒక లెక్క ఉంది: వస్తువు కంట పడటం, అది విమానమని గుర్తుపట్టడం, మన మీదకే వస్తోందని అర్థం కావడం, ఎటు తిప్పాలో తేల్చుకోవడం, చెయ్యి కదలడం, విమానం తిరగడం, ఇవన్నీ కలిపి 12.5 సెకన్లు. అందులో "మన మీదకే వస్తోంది" అని తెలుసుకోడానికే 5 సెకన్లు. ఆ 12.5 సెకన్లలో మా మధ్య 830 మీటర్లు కరిగిపోతాయి. అంటే 830 మీటర్ల కన్నా ముందే కనపడాలి.

మరి అంత దూరంలో ఏం కనపడుతుంది? ముందు నుంచి చూస్తే గ్లైడర్ బాడీ వెడల్పు అరవై డెబ్భై సెంటీమీటర్లు. 830 మీటర్ల దూరంలో అది ముప్ఫై మీటర్ల అవతల పెట్టిన రూపాయి బిళ్ళంత. రెక్క పొడుగే గానీ మందం పన్నెండు సెంటీమీటర్లు ఉంటే ఎక్కువ, అంత దూరం నుంచి అది ఏడు మీటర్ల అవతల గోడ మీద పెన్సిల్‌తో గీసిన ఒక మిల్లీమీటరు గీత లాంటిది. ఆ గీత తెల్లగా ఉండి వెనకాల మంచుకొండ ఉంటే ఇంక చెప్పేదేముంది. గ్లైడర్ వంపు తిరిగినప్పుడు రెక్క పైభాగం మెరుస్తుంది, అప్పుడు ఐదు కిలోమీటర్ల నుంచి కూడా కనపడుతుంది, నేరుగా మన వైపు వచ్చేదే కనపడదు.

ఇంకోటి. మన కన్ను కదిలేదాన్ని ఇట్టే పట్టేస్తుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. మనల్ని గుద్దబోయే గ్లైడర్ మన క్యానోపీ (పైలట్ తల మీదుండే అద్దపు మూత) అద్దం మీద ఒకే చోట చుక్కలా ఉండిపోతుంది, జరగదు, కేవలం పెద్దదవుతుంది, అది కూడా చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా. అద్దం మీద పక్కకి జరుగుతున్న గ్లైడర్‌తో ఆ క్షణానికి భయం లేదు. కదలకుండా ఉన్న చుక్కని చూసి భయపడాలి.

అన్నీ తెల్ల రంగే ఎందుకు వేస్తారు? ఎర్రగా వేస్తే కనపడతాయి కదా?

గ్లైడర్లు ఎక్కువ ఫైబరు, రెసిన్‌తో చేస్తారు. ముదురు రంగు ఎండకి బాగా వేడెక్కుతుంది, వేడెక్కితే రెసిన్ బలం తగ్గిపోతుంది. అందుకే తెలుపు. రెక్కల చివర్లకీ ముక్కుకీ తోకకీ ఎర్రవో నారింజవో పట్టీలు అంటిస్తారు, అది మంచిదే. క్యానోపీ ముందు భాగంలో పెట్టే ఎల్‌ఈడీ ఫ్లాష్ లైట్లు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, నా అనుభవంలో కొండ నీడలో ఎదురుగా వచ్చేవాడు కనపడేది ఆ లైటు వల్లే. డబ్బులు ఎక్కడైనా పొదుపు చేయండి గానీ ఇక్కడ వద్దు.

రిడ్జ్ మీద ఎదురెదురుగా వస్తే ఎవరు తప్పుకోవాలి?

మామూలుగా గాల్లో ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. కానీ కొండ నా కుడి పక్కన ఉంటే నేను కుడికి ఎలా తిరుగుతాను, కొండలోకి పోతాను. అందుకని కొండ కుడి చేతి వైపు ఉన్నవాడిది దారి, కొండ ఎడమ చేతి వైపు ఉన్నవాడు కుడికి, అంటే లోయ వైపుకి తప్పుకోవాలి.

చదివితే సులువే. కానీ తప్పుకోవాల్సినవాడు ముందే, దూరంగా ఉన్నప్పుడే, ఎదుటివాడికి కనపడేలా తప్పుకోవాలి. ఎదుటివాడు నన్ను చూశాడా లేదా అని నేను అనుమానపడే పరిస్థితి వాడు తేకూడదు. రెక్క కొంచెం వంచి చూపిస్తే చాలు, "చూశాను, వెళ్తున్నాను" అని చెప్పినట్టే. అలాగే దారి నాది కదా అని కొండ నుంచి రెండొందల మీటర్లు దూరంగా పోతూ తప్పుకునేవాడికి చోటు లేకుండా చేయడం కూడా తప్పే.

రిడ్జ్ చివర వెనక్కి తిరిగేటప్పుడు ఎప్పుడూ లోయ వైపుకే, కొండ వైపుకి ఎన్నడూ కాదు. శిఖరం కన్నా బాగా పైకి వచ్చేదాకా గుండ్రంగా తిరగడం పెట్టుకోకూడదు, ఎనిమిది అంకె ఆకారంలో అటూ ఇటూ పోతూ ఎక్కాలి. తిరిగే ముందు భుజం మీద నుంచి వెనక్కి చూడాలి, ఎందుకంటే వెనకాల ఒకడు నా దారిలోనే వస్తూ ఉండొచ్చు, నేను తిరిగితే సరిగ్గా వాడి ముందుకే పోతాను.

ముందు నెమ్మదిగా పోయేవాణ్ణి దాటొచ్చా?

చోటుని బట్టి పద్ధతి మారుతుంది, అందుకే ఇది గొడవైన విషయం. యూరప్ నియమాల్లో గ్లైడర్ గ్లైడర్‌ని దాటేటప్పుడు ఎడమ కుడి ఏ పక్క నుంచైనా దాటొచ్చు అని ఉంది. అమెరికాలో చాలాచోట్ల కొండకీ వాడికీ మధ్యలోంచి దాటే అలవాటుంది, వాడు తిరిగితే లోయ వైపుకే తిరుగుతాడు కాబట్టి. కొండకి బాగా దగ్గరగా పోతుంటే మధ్యలో దూరే చోటెక్కడిది? నేను మాత్రం దాటను, లోయ వైపు తిరిగి వెనక్కి పోతాను, ఒక్క నిమిషం పోతుంది అంతే. కొత్త చోటికి వెళ్తే అక్కడి పద్ధతి ఏంటో పొద్దున బ్రీఫింగులో అడగండి, అడిగితే ఎవరూ తక్కువగా చూడరు.

ఒకే థర్మల్‌లో ఐదారు గ్లైడర్లు తిరుగుతుంటాయి, అది ఇంకా ప్రమాదం కాదా?

ప్రమాదమే, కానీ అందరూ అందరికీ కనపడుతున్నంతసేపు పర్వాలేదు. మొదట వచ్చినవాడు ఎటు తిరుగుతుంటే తర్వాత వచ్చినవాళ్ళందరూ అటే తిరగాలి, వాడు వెయ్యి అడుగులు పైనున్నా సరే. లోపలికి వచ్చేటప్పుడు వలయానికి బయట నుంచి పక్కగా ఒరుసుకుంటూ కలవాలి, మధ్యలోంచి దూసుకురాకూడదు.

గంటకి 90 కిలోమీటర్ల స్పీడులో 45 డిగ్రీల వంపుతో తిరిగితే వలయం వ్యాసార్థం 64 మీటర్లు, ఒక చుట్టు 16 సెకన్లు. ఆ 16 సెకన్లలో ఎదురు పక్కనున్నవాణ్ణి ఒక్కసారైనా చూడకపోతే వాడెక్కడున్నాడో నాకు తెలియనట్టే. మా శిక్షకుడు ఒక మాట చెప్పేవాడు, ఎవరైనా కనపడకుండా పోతే థర్మల్ వదిలేసి బయటికి పో, కారణం తర్వాత ఆలోచించు అని. నేను అదే చేస్తాను. ఎంత మంచి లిఫ్ట్ అయినా సరే.

కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. స్పీడుగా వచ్చి థర్మల్ తగలగానే ముక్కు పైకెత్తుతాం కదా. 170లో వస్తున్నవాడు 90కి తగ్గేదాకా లాగితే దాదాపు 80 మీటర్లు పైకి ఎగురుతాడు. ఆ 80 మీటర్లలో అప్పటికే ఒకడు తిరుగుతూ ఉంటే? పైనున్నవాడికి తన పొట్ట కింద ఏముందో కనపడదు. కిందినుంచి వచ్చేవాడికే పైకి చూసే వీలుంది, కాబట్టి లాగే ముందు చూడాల్సిన పూచీ వాడిదే.

ఫ్లార్మ్ ఉంది కదా, ఇంక భయమెందుకు?

ఫ్లార్మ్ అనేది స్విట్జర్లాండ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన చిన్న పెట్టె. గాల్లో గుద్దుకుని ఎంతోమంది పోయాక గ్లైడర్ పైలట్లే కూర్చుని తయారుచేసుకున్నది. జీపీఎస్‌తో నేనెక్కడున్నానో, గాలి ఒత్తిడితో ఎంత ఎత్తులో ఉన్నానో తెలుసుకుని, రాబోయే ఇరవై సెకన్లలో నేనెటు పోతానో లెక్కగట్టి రేడియోలో చెబుతుంటుంది, పక్కవాడి పెట్టె అది విని తన లెక్కతో పోల్చుకుంటుంది. దారులు కలిసేలా ఉంటే బీప్ కొడుతుంది, దగ్గరయ్యేకొద్దీ గట్టిగా కొడుతుంది. మైదానంలో ఎగిరేటప్పుడు అస్తమానం బీప్ మంటోందని మొదట్లో గునుస్తామండి, కొండల్లోకి వెళ్ళాక దండం పెట్టుకుంటాం. కేబుళ్ళు, టవర్ల జాబితా కూడా అందులో వేసుకోవచ్చు, ఆల్ప్స్‌లో లోయకి అడ్డంగా వేలాడే తీగలకి అది చాలా అవసరం.

కానీ దాని హద్దులు తెలియకుండా నమ్మితే అదే చంపుతుంది. పెట్టె ఇద్దరికీ ఉండాలి, ఒకడికి లేకపోతే ఏమీ పలకదు. రేడియో కొండలోంచి దూరదు, కొండ భుజానికి అటు ఒకడు ఇటు ఒకడు ఉంటే మలుపు తిరిగేదాకా ఒకరి మాట ఒకరికి వినపడదు. కార్బన్ బాడీలో యాంటెన్నా తప్పుగా పెడితే ఒక పక్కకి చెవుడే. పెద్ద విమానాల్లో ఉండే టీకాస్ లాగా "పైకి లాగు, కిందికి దించు" అని ఇది చెప్పదు, ఎటు నుంచి వస్తున్నాడో మాత్రమే చూపిస్తుంది, తిప్పాల్సింది మనమే. బీప్ రాగానే స్క్రీన్ వైపు తల దించి చదువుతూ కూర్చునేవాళ్ళని చూశాను, ఆ రెండు సెకన్లు బయట చూడాల్సినవి.

మీకు ఎప్పుడైనా అలా జరిగిందా?

ఒకసారి. జూలై నెలాఖరు, సాయంత్రం నాలుగున్నర దాటింది, దోర్మియూజ్ దగ్గర ఒక వాలు. కొండ నా ఎడమ పక్క, అంటే తప్పుకోవాల్సింది నేను. ముందు కొండ భుజం ఒకటి ముక్కులాగా లోయలోకి పొడుచుకొచ్చి ఉంది, దాని అవతల ఏముందో కనపడదు. అప్పటిదాకా లిఫ్ట్ బలంగా ఉంది, భుజం దగ్గర తగ్గుతుందేమోనని నా చూపు వేరియో (ఎంత స్పీడులో ఎక్కుతున్నామో దిగుతున్నామో చూపించే మీటరు) ముల్లు మీదకి పోయింది. ఎంతసేపు అంటే నేను చెప్పలేను, రెండు సెకన్లు కావొచ్చు, మూడు కావొచ్చు. తల ఎత్తేసరికి భుజం అంచున ఒక తెల్ల చుక్క, కింద అడవి నల్లగా, చుక్క కదలట్లేదు. కుడికి తోసేశాను. అప్పుడు కొట్టింది ఫ్లార్మ్, ఒకేసారి చివరి స్థాయి బీప్, అంతకుముందు ఒక్క కూత లేదు. వాడి రెక్క చివరి ఎర్ర పట్టీ, నీలం గుడ్డ టోపీ, టోపీ కింద ముఖం నా వైపు తిరగడం, ఇవి నాకు కనపడ్డాయి. అంత దగ్గర.

ఆ తర్వాత లోయ మధ్యలోకి వచ్చి నీళ్ళు తాగుదామంటే గొట్టం నోటికి పెట్టుకోవడం రాలేదు, చెయ్యి ఆగట్లేదు. ఆ రాత్రి ఆయన్ని వెతికి పట్టుకుని మాట్లాడాను, వేరే దేశం నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన నన్ను నాకన్నా ఒక సెకను ముందు చూశాడట, కానీ కొండ వైపు పోలేక కిందికి నొక్కాడట. అప్పటి నుంచి మలుపు ముందు నేను వాలుకి దూరంగా జరుగుతాను, లిఫ్ట్ పోతే పోనీ. శ్రీశైలం ఘాట్‌లో ఆర్టీసీ డ్రైవర్ మలుపు రాకముందే హారన్ కొడతాడు కదా, మనకి హారన్ లేదు, దూరంగా జరిగి ముందే కనపడటమే మన హారన్.

విమానాలు, హెలికాప్టర్లతో కూడా ప్రమాదమేనా?

అవును. 2006 ఆగస్టు 28న అమెరికాలో నెవాడా కొండల మీద, దాదాపు 16,000 అడుగుల ఎత్తులో, రీనో వైపు దిగుతున్న ఒక హాకర్ బిజినెస్ జెట్ ఒక ఏఎస్‌జీ 29 గ్లైడర్‌ని గుద్దింది. గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ (మనం ఇక్కడున్నామని పెద్ద విమానాలకి రేడియోలో తెలియజేసే పెట్టె) ఉంది గానీ బ్యాటరీ అయిపోతుందని పైలట్ ఆపేసి పెట్టాడు, అందుకని జెట్‌లో హెచ్చరిక రాలేదు. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దూకి బతికాడు, జెట్ చక్రాలు దిగకుండానే కార్సన్ సిటీలో పొట్ట మీద దిగింది, అందులో కూడా అందరూ బతికారు. ఫోటోల్లో జెట్ ముక్కులో గ్లైడర్ రెక్క దూలం గుచ్చుకుని ఉంటుంది. ఆ కథ విన్నాక నేను ఇంకో బ్యాటరీ కొనుక్కున్నాను.

అందరికీ అంత అదృష్టం ఉండదు. 2021 జూన్‌లో స్విట్జర్లాండ్‌లో బీవియో దగ్గర ఒక చిన్న విమానం, ఒక గ్లైడర్ గుద్దుకుని ఐదుగురు పోయారు. 2019 జనవరిలో ఇటలీ వైపు రుటోర్ హిమానీనదం మీద హెలికాప్టర్, చిన్న విమానం గుద్దుకుని ఏడుగురు, అక్కడ గ్లైడర్ లేదు గానీ కొండ అదే, చూడలేకపోవడం అదే. శిఖరాలు, కనుమలు అందరికీ ఇష్టమే కదా, ఫోటోలు తీసుకోడానికి వచ్చేవాళ్ళు కూడా మేమున్న చోటికే వస్తారు.

రేడియోలో చెప్పుకుంటే సరిపోదా?

కొంత మేలే. "దోర్మియూజ్, 2400, ఉత్తరానికి" అని చిన్నగా చెబితే చాలు. కానీ లోయలో నాలుగు భాషలు, పది గొంతులు, పక్క కొండ వాళ్ళవి కూడా వినపడతాయి. దాన్ని నమ్ముకుని చూడటం తగ్గించకండి.

గుద్దుకుంటే బతికే ఛాన్స్ ఉందా?

ఎత్తు ఉంటే ఉంది. అందరం పారాచూట్ వేసుకునే కూర్చుంటాం. ముందు గ్లైడర్ ఇంకా మాట వింటోందా చూడాలి, వినకపోతే క్యానోపీ ఊడగొట్టడం, బెల్టులు విప్పడం, బయట పడటం, దూరం అయ్యాక తాడు లాగడం. వంపులు తిరుగుతూ పడిపోతున్న గ్లైడర్‌లో ఒంటి బరువు రెండింతలు మూడింతలు అనిపిస్తుంది, లేవడం చాలా కష్టం. అందుకే నేలమీదున్నప్పుడు కళ్ళు మూసుకుని ఆ పిడులు ఎక్కడున్నాయో చేత్తో తడుముతూ ప్రాక్టీస్ చేస్తాం. వాలు పక్కన వంద మీటర్ల ఎత్తులో మాత్రం పారాచూట్ తెరుచుకునే టైము ఉండదు, ఇది దాచాల్సిన పని లేదు. అమ్మకి మాత్రం ఈ ఒక్కటీ ఇంకా చెప్పలేదు.

హిమాచల్‌లో బిర్ బిల్లింగ్ వెళ్తున్నాం, పారాగ్లైడింగ్‌కి కూడా ఇవి వర్తిస్తాయా?

హైదరాబాద్ నుంచి, వైజాగ్ నుంచి చాలామంది వెళ్తున్నారు కాబట్టి రాస్తున్నా. గాలి అదే, కొండ అదే, నియమాలూ దాదాపు అవే. స్పీడు తక్కువ, గంటకి ముప్ఫై ఐదు నలభై కిలోమీటర్లు, కాబట్టి చూసుకోడానికి టైము ఎక్కువ. కానీ తాళ్ళు తాళ్ళు చిక్కుకుంటే రెండు గుడ్డలూ ముడుచుకుపోతాయి. అక్టోబర్, నవంబర్‌లో దేశదేశాల నుంచి పైలట్లు వస్తారు, ఒకే వాలు ముందు గుంపుగా ఉంటారు. 2024 అక్టోబర్‌లో అక్కడ ఇద్దరు గాల్లో గుద్దుకుని బెల్జియం ఆయన ఒకరు చనిపోయారు.

టాండెంలో, అంటే పైలట్‌తో కలిసి ఒకే పారాగ్లైడర్‌లో వెళ్ళేవాళ్ళు పైలట్‌ని లైసెన్సు అడగండి, రిజర్వ్ పారాచూట్ ఎక్కడుందో చూపించమనండి, గాల్లో మరీ గుంపుగా ఉంటే ఇంకో గంట ఆగుదాం అనండి. సెల్ఫీ కర్ర పైలట్ చేతిలో ఉందంటే ఆయన కళ్ళు కూడా అక్కడే ఉన్నాయని అర్థం, వద్దని చెప్పండి. మీకు ఎవరైనా దగ్గరగా కనపడితే నోరు తెరిచి చెప్పండి, ఆయన చూశాడులే అనుకోవద్దు.

మొదటిసారి ఆల్ప్స్‌కి వెళ్తున్నా, ముందు ఏం చూసుకోవాలి?

మొదటి రోజు ఒంటరిగా వద్దు, ఆ కొండలు తెలిసిన శిక్షకుడితో రెండు సీట్ల దాంట్లో వెళ్ళండి. ఫ్లార్మ్ సాఫ్ట్‌వేర్ గడువు దాటితే పని చెయ్యదు, ఇంటి దగ్గరే అప్‌డేట్ చేసుకుని రండి, అక్కడ నెట్ దొరకదు. ఫ్లార్మ్ కంపెనీ వాళ్ళ సైట్లో మీ ఫ్లైట్ రికార్డు ఫైల్ ఎక్కిస్తే యాంటెన్నా ఏ పక్క ఎంత దూరం పట్టుకుంటోందో బొమ్మ గీసి చూపిస్తుంది, అది చూసి మా క్లబ్బులో రెండు యాంటెన్నాలు మార్చాం.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది. కళ్ళు ఊరికే తిప్పితే ఏమీ కనపడదు, పది డిగ్రీల చొప్పున ఒక్కో ముక్క మీద ఒక సెకను ఆగాలి. మొదట్లో విసుగు, వారానికి అలవాటవుతుంది. ముందుకి గొడుగు ఉన్న క్యాప్ పెట్టుకోకండి, అది పైనున్న గ్లైడర్లని దాచేస్తుంది, గుడ్డ టోపీ చాలు. పొద్దున్నే నీళ్ళు, మెత్తటి గుడ్డతో క్యానోపీ తుడవండి, లోపల కూడా. అద్దం మీద చచ్చిన దోమ, దూరంలో గ్లైడర్, రెండూ ఒక్కలాగే ఉంటాయి.